దారి ఎరిగినవారిని అడుగుడి

(పనిచేయు చోట గిరిజన సహోదరుల మాట వినుటను గూర్చిన పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 10:29–36, యోబు 31:13–15, అపొస్తలుల కార్యములు 6:1–7.

ముఖ్యాంశము: మేలు చేయుదుమని చెప్పుటకు ముందు అడుగుట, అడిగినప్పుడు ఓపికతో వినుట, విన్న తరువాత చోటిచ్చుట.



మన పల్లె సంఘములలో పెరిగిన యౌవనులు అనేకులు నేడు మన్యప్రాంతములలో ఉద్యోగములు చేయుచున్నారు. కొందరు ఆశ్రమ పాఠశాలలలో ఉపాధ్యాయులు, కొందరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో నర్సులు, కొందరు రోడ్డు పనులలో మేస్త్రీలు, కొందరు బ్యాంకులలోను అటవీ కచేరీలలోను గుమస్తాలు. అక్కడ కోయలు, కొండరెడ్లు, సవరలు, కొండదొరలు, గోండులు, చెంచులు వారికి తోటి పనివారుగాను, విద్యార్థులుగాను, రోగులుగాను ఉన్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "అక్కడి జనము ఎట్టివారు?" అని మనము వీరిని అడుగుదుము. "నిన్ను గూర్చి అక్కడివారు ఏమనుకొనుచున్నారు?" అని అడుగు తల్లిదండ్రులు అరుదు. ఈ నెల పాఠము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

ఈ పత్రికను చదువువారిలో గిరిజన విశ్వాసులును ఉన్నారు. వారికి ఇందులో క్రొత్త సంగతి కనబడకపోవచ్చును. ఇందలి మాటలు తమ అనుభవముతో సరిపోవుచున్నవో లేదో వారు పరీక్షించి, తమ సంఘములలో ధైర్యముగా చెప్పవలెనని కోరుచున్నాను.

1. మోషే హోబాబును రెండుసార్లు పిలిచెను

ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యమునుండి బయలుదేరినప్పుడు మోషే తన అత్తవారి తట్టు బంధువైన హోబాబును తమతో రమ్మని పిలిచెను. హోబాబు మిద్యానీయుడు, ఆ అరణ్యపు దారులు ఎరిగినవాడు. మాతో వచ్చినయెడల మేము నీకు మేలు చేయుదుమని మోషే మొదట చెప్పెను. అది మంచి మాటయే. అయినను హోబాబు ఒప్పుకొనలేదు. తన దేశమునకును తన బంధువులయొద్దకును పోవుదునని స్పష్టముగా చెప్పెను.

అందుకు మోషే కోపపడలేదు. మేలు చేయబోతే కాదనుచున్నాడు, వీడు కృతజ్ఞత లేనివాడు అని అనలేదు. రెండవసారి వేరొక విధముగా పిలిచెను. ఈ అరణ్యములో ఎక్కడ దిగవలెనో నీకే తెలియును గనుక నీవు మాకు కన్నులుగా ఉండవలెనని బ్రతిమాలెను. యెహోవా తమకు చేయు మేలులో అతనికిని పాలు ఇత్తుమని మాట యిచ్చెను. మొదటి పిలుపులో ఇచ్చువాడు మోషే, పుచ్చుకొనువాడు హోబాబు. రెండవ పిలుపులో మోషేయే అడుగువాడాయెను. ఈ భేదములోనే నేటి పాఠమంతయు ఇమిడియున్నది.

మరియొక సంగతి గమనింపుడి. ఆ దినములలో ఇశ్రాయేలీయులకు త్రోవ చూపుటకు మేఘము వారిపైన ఉండెను (34వ వచనము). దేవుడే నడిపించుచుండగా హోబాబు కన్నులతో ఏమి అవసరము? మోషే ఆలాగు తలంచలేదు. దేవుడు నన్ను నడిపించుచున్నాడు గనుక ఆ చోటి మనుష్యుని అడుగనక్కరలేదనుట విశ్వాసము కాదు, గర్వము. హోబాబు తుదకు ఏమి ఉత్తరమిచ్చెనో ఇక్కడ వ్రాయబడలేదు. గాని అతని సంతతివారు కనాను దేశములో నివసించినట్లు న్యాయాధిపతులు 4:11లో చదువుదుము.

మన తెలుగువారిలో ఈ రెండవ పిలుపును పిలిచినవారు కలరు. గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు బడికి వెళ్ళిన ప్రతివారును ఎరుగుదురు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉన్నప్పుడు చుట్టునున్న కొండలలోని సవరలను చూచెను. వీరికి తెలుగు రాదు గనుక వీరు అజ్ఞానులని ఆయన తీర్పు తీర్చలేదు. వారి భాష తనకు రాదు గనుక తానే విద్యార్థి కావలెనని నిశ్చయించుకొనెను. సవర భాష తెలిసినవారిని తన ఇంట ఉంచుకొని వారియొద్ద నేర్చుకొనెను. వారి భాషలో వాచకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించెను. ఆయన వ్రాసిన సవర వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వమువారు 1931లో అచ్చువేసిరి. ఆ కొండలలో తిరుగుటవలన ఆయనకు మలేరియా జ్వరము వచ్చెననియు, దానికి పుచ్చుకొనిన క్వినైను మందువలన చెముడు కలిగెననియు ఆయన చరిత్రలో చెప్పుదురు. ఇతరుల మాట వినుటకై తన చెవులను వెచ్చించినవాడని ఆయనను గూర్చి చెప్పవచ్చును.

ఇప్పుడు మన సంగతి చూతము. ఒక ఉపాధ్యాయుడు ఆశ్రమ పాఠశాలకు క్రొత్తగా వెళ్ళెననుకొనుడి. మొదటి తరగతి పిల్లవాడు ప్రశ్నకు ఉత్తరము చెప్పక నేల చూచుచున్నాడు. మొద్దు అని ఉపాధ్యాయుడు అనుకొనవచ్చును. వానికి ఇంట కోయ భాషయో గోండియో తప్ప వేరొకటి వినబడలేదని ఎరిగినవాడైతే ఆలాగు అనుకొనడు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండి, కోయ, కొలామి, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు బోధన ఆరంభించుటకు కారణము ఇదియే. తోటి గిరిజన ఉపాధ్యాయుని "అయ్యా, ఈ మాటను మీ భాషలో ఏమందురు?" అని దినమునకు ఒక్కసారి అడిగినను సంవత్సరాంతమునకు మూడు వందల మాటలు వచ్చును. ఆ పిల్లవాడు తల యెత్తును.

ఈలాగే కొత్తల పండుగ దినములలో బడికి పిల్లలు రారు. హాజరు పట్టీలో గైరుహాజరు వేసి, వీరికి చదువు మీద శ్రద్ధ లేదని పైకి వ్రాయుట సులభము. పండుగ ఎన్ని దినములు, ఏ ఊరిలో ఎప్పుడు అని ముందుగా పెద్దలను అడిగి, ఆ పాఠములను వేరొక దినమున చెప్పుట కొంచెము కష్టము. క్రైస్తవ ఉపాధ్యాయుడు ఆ కష్టమును ఎన్నుకొనవలెను.

పిలుపును గూర్చియు ఒక మాట. మైదానమునుండి వెళ్ళిన ఇరువది యేండ్ల కుర్రవాడు తన తండ్రి వయస్సుగల గిరిజనుని "ఏరా" అని పిలుచుట మనము వినుచున్నాము. అదే పెద్దమనిషి తనను "నువ్వు" అన్నయెడల మర్యాద తెలియనివాడని ఆ కుర్రవాడు కోపించును. తెలుగు ఆయన తల్లి భాష కాదు. "అండి" అనుట ఆయనకు అలవాటు లేకపోవచ్చును, గాని మనకు అలవాటు ఉన్నది గదా. గనుక ముందు మనమే అనవలెను.

2. యోబు తన పనివాని వ్యాజ్యెమును త్రోసివేయలేదు

అడుగుట ఒక మెట్టు. అడిగినప్పుడు మనకు ఇష్టములేని ఉత్తరము వచ్చినయెడల వినుట అంతకంటె కష్టమైన మెట్టు. యోబు తన నిర్దోషత్వమును గూర్చి ప్రమాణము చేయునప్పుడు ఒక విశేషమైన సంగతి చెప్పెను. తన దాసుడైనను దాసియైనను తనతో వ్యాజ్యెమాడినప్పుడు వారి న్యాయమును తాను నిర్లక్ష్యము చేసినయెడల, దేవుడు లేచినప్పుడు తాను ఏమి ఉత్తరమియ్యగలనని ఆయన అడుగుచున్నాడు. గర్భములో తన్ను పుట్టించినవాడే వారినికూడ పుట్టించెనని కారణము చెప్పుచున్నాడు. ఇక్కడ ఫిర్యాదు యోబు మీదనే. పొరుగువాని మీది ఫిర్యాదును వినుట ఎవరికైనను ఇష్టమే. తన మీది ఫిర్యాదును వినువాడు దేవునికి భయపడువాడు.

గిరిజనుల ఫిర్యాదులను వినకపోవుటవలన ఏమి జరిగెనో మన రాష్ట్రముల చరిత్ర చెప్పుచున్నది. నిజాము పరిపాలనలో ఆదిలాబాదు అడవులలోని గోండులు రిజర్వు అడవుల హద్దులవలనను, అటవీ బంట్రోతుల వసూళ్ళవలనను, తమ సాగుభూములు పైవారి పేర పట్టాలగుటవలనను బాధపడిరి. వారు మొరపెట్టిరి, వినువారు లేకపోయిరి. తుదకు 1940లో జోడేఘాట్ కొండలలో కొమురం భీము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము ఈ కలత యొక్క కారణములను కనుగొనుమని హైమెండార్ఫ్ అను పండితుని నియమించెను. ఆయన కచేరీలో కూర్చుండి కాగితములు తిరుగవేయలేదు. భార్యతోకూడ మార్లవాయి గ్రామములో గుడిసె వేసికొని, గోండు పెద్దల మధ్య కూర్చుండి వినెను. 1943లో ఆ గ్రామములోనే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయు శిక్షణ కేంద్రము ఆరంభమాయెను. ఆయన సలహాలవలన అనేక కుటుంబములకు భూమి పట్టాలు దొరికెను. తుపాకి పేలక మునుపే ఎవరైన ఆలాగు కూర్చుండి వినియుంటే ఎంత మేలు!

అటుతరువాత చట్టములు వచ్చెను. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో 1వ నంబరు నిబంధనద్వారా కట్టుదిట్టము చేసిరి. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలోని భూమి గిరిజనేతరుని పేర మారుటకు వీలులేదు. 1996లో వచ్చిన పెసా చట్టమును, 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టమును గ్రామసభ మాటకు బలము నిచ్చినవి. గనుక అడిగి వినుట ఇప్పుడు దయ మాత్రమే కాదు, చట్టము విధించిన బాధ్యత.

ఇక్కడ మన సంఘముల మనస్సాక్షిని తాకు మాట ఒకటి చెప్పక తప్పదు. మన్యములో ఉద్యోగమునకు వెళ్ళిన మైదానపువారిలో కొందరు తమకు తెలిసిన గిరిజనుని పేర భూమి కొని, దాని ఫలమును తాము అనుభవించుచుందురు. ఇది లోకమంతయు చేయుచున్నది గదా అని వారు చెప్పుదురు. నాబోతు ద్రాక్షతోటను గూర్చి ఆహాబుకూడ మంచి వెల ఇత్తుననియే మొదట చెప్పెను (1 రాజులు 21:2). పిత్రార్జితమును ఇయ్యనని నాబోతు చెప్పిన మాటను అతడు వినలేకపోయెను. మిగిలిన కథ మీకు తెలియును. ఆదివారము కానుక వేయు చేతిలో ఇట్టి భూమి యొక్క పంట ఉన్నయెడల, ఆ సంగతిని దేవుని యెదుట తేల్చుకొనవలెను.

వినుటలో మరియొక చిక్కు కలదు. సభ పెట్టి, కుర్చీలో అధికారి కూర్చుండి, "మీకు సమ్మతమేనా?" అని అడిగినప్పుడు గిరిజనులు "సరే" అని లేచిపోవుట కలదు. భయముతో పలికిన "సరే" సమ్మతి కాదు. ఊరక ఉండుటయు సమ్మతి కాదు. సభ ముగిసిన తరువాత చింతచెట్టు క్రింద వారు తమలో తాము తమ భాషలో చెప్పుకొను మాటయే వారి నిజమైన ఉత్తరము. ఆ మాట మన చెవిని పడవలెనంటే, ముందు వారికి మనమీద నమ్మకము కలుగవలెను. దానికి నెలలు పట్టును. నర్సమ్మ బాలింతను కసరకుండ, "అమ్మా, ఆసుపత్రికి రాకుండ మిమ్మును ఆపినది ఏమి?" అని అడిగినయెడల, దారి లేదనియో, రాత్రి బండి దొరకలేదనియో, పోయినసారి ఇక్కడ తిట్టిరనియో ఆమె చెప్పవచ్చును. మూడవ ఉత్తరమును వ్రాసికొని పై అధికారికి చూపగల నర్సు యోబు అడుగుజాడలలో నడుచుచున్నది.

క్రైస్తవ సంఘములే వినకపోయిన దృష్టాంతము కెనడా దేశములో ఉన్నది. అక్కడ ప్రభుత్వమును సంఘములును కలిసి ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి వసతి పాఠశాలలలో ఉంచిరి. సుమారు 1,50,000 మంది పిల్లలు ఆ పాఠశాలలకు పంపబడిరి. తమ భాష మాటలాడినందుకు దండింపబడినవారు అనేకులు. ఇంటికి తిరిగిరాక మరణించినవారును వేలకొలది. పాశ్చాత్య నాగరికతను సువార్తతో కలిపి వారిమీద మోపితిమని యునైటెడ్ చర్చి 1986లో ఆదివాసులను క్షమాపణ వేడుకొనెను. 1988లో ఆ ఆదివాసి సంఘములవారు ఆ మాటను విన్నామని తెలిపిరి గాని, అంతటితో సరి అని ఒప్పుకొనలేదు. క్రియలు చూడగోరిరి. ఆ పాఠశాలలను గూర్చి ఆ సంఘము 1998లో మరల క్షమాపణ చెప్పవలసివచ్చెను. మన ఆశ్రమ పాఠశాలలలోను, మిషను హాస్టళ్ళలోను పని చేయువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. పిల్లవానికి అన్నము పెట్టి, వాని భాషను హేళన చేసినయెడల, ఒక చేత ఇచ్చి రెండవ చేత తీసికొన్నట్లగును.

3. యెరూషలేములో ఏడుగురి పేర్లు

ఆదిసంఘములో గ్రీకు మాటలాడు యూదుల విధవరాండ్రకు దినదిన పరిచర్యలో లోటు జరిగెనని సణుగు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగును పాపమని అణచివేయలేదు. మీలో ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పిరి. ఏర్పడిన ఆ ఏడుగురి పేర్లు చదువుడి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. లోటు ఎవరికి జరిగెనో వారి తట్టు మనుష్యులకే బల్లమీది పని అప్పగింపబడెను. మేము ఇకమీదట మీ యెడల దయగా నుందుమని చెప్పి, పనిని తమ చేతనే ఉంచుకొనియుంటే ఆ కథ వేరుగా ఉండెడిది.

దీనితో పోల్చదగిన నేటి సంగతి ఒకటి కలదు. షెడ్యూల్డు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయ ఉద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే ఇయ్యవలెనని 2000 సంవత్సరము జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 3వ నంబరు ఉత్తర్వు ఇచ్చెను. మైదానపు ఉపాధ్యాయులు కొండ బడులకు సరిగా రాకపోవుట దానికి ఒక ముఖ్య కారణముగా చెప్పబడెను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, నూటికి నూరు పాళ్ళు రిజర్వేషను రాజ్యాంగ విరుద్ధమని ఆ ఉత్తర్వును కొట్టివేసెను. అదివరకు జరిగిన నియామకములను మాత్రము షరతులతో ఉండనిచ్చెను. గిరిజన సంఘములు దీనికి బదులు వేరొక ఏర్పాటు కావలెనని అటుతరువాత కోరుచు వచ్చినవి.

ఈ తీర్పువలన మన బిడ్డలకు ఉద్యోగములు వచ్చునని సంతోషించినవారు మన మధ్య ఉన్నారు. బీద ఇంటి బిడ్డ పరీక్ష వ్రాసి న్యాయముగా సంపాదించుకొన్న ఉద్యోగమును పాపమని నేను చెప్పను. అయితే ఆ కుర్చీలో కూర్చున్న దినముననే ఒక ప్రశ్న మనలను అడుగును. ఈ చోటు పోయినందుకు దుఃఖపడిన గిరిజన యువకుని మాటను నీవు విన్నావా? విన్నయెడల, ఆ బడికి ప్రతిదినము వేళకు పోవుట మొదటి ఉత్తరము. ఆ ఊరి పిల్లలను ఉపాధ్యాయ శిక్షణకు సిద్ధపరచుట రెండవది. ప్రధానోపాధ్యాయుని గదిలో జరుగు మాటలలో గిరిజన ఉపాధ్యాయునికి ముందుగా మాటలాడు అవకాశమిచ్చుట మూడవది. అతడు ఎదుటనే ఉండగా అతని పక్షముగా మనము మాటలాడుట సహాయము కాదు. అతడు లేనిచోట ఎవరైన "కొండోళ్ళు" అని నవ్వినప్పుడు, తోటి నవ్వకుండ అక్కడనే ఖండించుట మాత్రము మన పని.

వినుటను సంఘములోనికి సభ్యులను పట్టుకొను గాలముగా చేయకూడదనియు జ్ఞాపకముంచుకొనుడి. మన విశ్వాసమును గూర్చి ఎవరైన అడిగినయెడల సంతోషముగా చెప్పుదము. ఎవరును అడుగకపోయినను వినుట మానము.

4. మన పితరుల దినములు

మన సంఘములలో అనేకుల తాతలు కరణముగారి అరుగు క్రింద నిలువబడి, చెప్పు విడిచి, తలగుడ్డ చేతపట్టుకొని మాటలాడిన దినములు ఉన్నవి. వారు చెప్పినది వ్రాయబడలేదు. వారికి బదులుగా వేరొకరు వ్రాసినదానికి వ్రేలిముద్ర వేసిరి. బడిలో గోడ అవతల కూర్చుండి అక్షరములు నేర్చినవారు మన తండ్రులలో ఉన్నారు. ఐగుప్తులో పరదేశులై యుండిన మీకు పరదేశి మనస్సు తెలియును అను అర్థముతో దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇచ్చెను (నిర్గమకాండము 23:9). ఆ మనస్సు మనకును తెలియును. అరుగు క్రిందనుండి పైకి ఎక్కిన మనము, క్రిందనున్నవానిని చూచి కాలు ముడుచుకొని చోటిత్తుమో, లేక మన పితరులతో మాటలాడిన ఆ స్వరముతోనే మాటలాడుదుమో, దీనియందే మన చదువు యొక్కయు మన భక్తి యొక్కయు విలువ తెలియును.

ఈ నెలలో చేయదగినవి

(1) మన్యములో పనిచేయు సంఘ సభ్యుల పేర్లు వ్రాసికొని, ఒక్కొక్కరికొరకు పేరుపేరున ప్రార్థింపుడి.

(2) వారు సెలవుకు వచ్చినప్పుడు, తమ తోటి గిరిజన ఉద్యోగియొద్ద ఏమి నేర్చుకొనిరో యౌవనుల కూడికలో చెప్పనియ్యుడి.

(3) సమీపమున గిరిజన సంఘమున్నయెడల, అక్కడి పెద్దను ఒక ఆదివారము పిలిచి ఆయన మాటను వినుడి. ఆ దినమున మన పెద్దలు ఉపన్యసింపక ఊరకుండవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మోషే మొదటి పిలుపునకును రెండవ పిలుపునకును భేదమేమి? మన పరిచర్యలు ఏ పిలుపును పోలియున్నవి?

2. నీ మీద చెప్పబడిన ఫిర్యాదును నీవు చివర ఎప్పుడు పూర్తిగా వింటివి?

3. నీవు పనిచేయు చోట అందరికంటె తక్కువగా మాటలాడువారు ఎవరు? వారు మాటలాడకపోవుటకు కారణమేమి?

4. అపొస్తలులవలె మనము ఇతరులకు అప్పగింపవలసిన బల్ల మన సంఘములో ఏది?

ప్రార్థన

కొండలను లోయలను కలుగజేసిన తండ్రీ, వేరు వేరు భాషలలో నీకు మొరపెట్టు వారందరిని ఆలకించు దేవా, మన్యములో పనిచేయు మా కుమారులకును కుమార్తెలకును వినయముగల చెవిని దయచేయుము. వారు అడుగుటకు సిగ్గుపడకుండను, ఉత్తరము చేదుగా ఉన్నను త్రోసివేయకుండను కాపాడుము. కొండ ప్రజల భూమిని, భాషను, గౌరవమును కాపాడుము. మాకు దారి తెలియనిచోట దారి ఎరిగినవారిని మాకు చూపుము. వారిని అనుసరించు మనస్సు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.